తీవ్ర మలేరియా మీద ఒక థీసిస్, ఎథిక్స్ కమిటీలో నేను

నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీలో, అంటే మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతి ఇవ్వాలో వద్దో చూసే కమిటీలో, నేను లే పర్సన్‌ని. అంటే డాక్టరు కాని, సైన్సు చదవని, కాలేజీతో ఏ సంబంధమూ లేని మనిషినన్నమాట. సర్వీసంతా ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, దోర్నాల, యర్రగొండపాలెం వైపు సోషల్ చెప్పి రిటైరయ్యాను. అక్కడ నా దగ్గర చదువుకున్న పిల్లవాడు ఇప్పుడు ఆ కాలేజీలో ఫార్మకాలజీ ప్రొఫెసరు, ఆ కమిటీకి మెంబర్ సెక్రటరీ కూడా. ఒకరోజు ఫోన్ చేసి "మేడమ్, మీరు రాకపోతే మా మీటింగే చెల్లదు" అన్నాడు. మర్యాదకి అంటున్నాడనుకున్నా. నిజంగానే రూలు అట్టా ఉంది. 2019లో కేంద్రం తెచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం కోరం నిండాలంటే ఒక వైద్య శాస్త్రవేత్త, ఒక క్లినీషియన్, ఒక లాయరు, సమాజం గురించి తెలిసిన ఒకరు, మామూలు మనిషి ఒకరు, ఈ ఐదుగురూ ఉండి తీరాలి.

చేరేటప్పుడు బయోడేటా ఇచ్చాను. విన్న విషయాలు బయట చెప్పనని ఒక సంతకం, ఇందులో నాకు స్వలాభం లేదని ఇంకో సంతకం. తర్వాత ట్రైనింగు. అందులో, ఖైదీల మీద ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్ల విచారణలోంచి పుట్టిన 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి గురించి చెబుతుంటే సగం నాకు తెలిసిందే అనిపించింది. ఆ విచారణల గురించి రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో ఎన్నో ఏళ్లు చెప్పినదాన్నే కదా. నన్ను కదిలించింది మన దగ్గరి ముచ్చట. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో గిరిజన హాస్టళ్లలోని ఆడపిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్ల సంతకాలతో టీకాలు వేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. హాస్టల్ పిల్లల తరఫున సంతకం పెట్టడం టీచర్లకు ఎంత మామూలు పనో నాకు తెలుసు. విహారయాత్రకు పెడతాం, పరీక్ష ఫీజుకు పెడతాం.

మా కమిటీకి వచ్చేవి ఎక్కువగా పీజీ విద్యార్థుల థీసిస్‌లే. షుగరు, బీపీ, కాన్పులు. చదువుతాను, ఒకటి రెండు అడుగుతాను, అయిపోతుంది. కానీ పిల్లల విభాగం పీజీ అమ్మాయి తెచ్చిన కట్ట చూడగానే వేరేగా అనిపించింది. తీవ్ర మలేరియాతో చేరి ఆర్టిసునేట్ ఇంజెక్షన్‌తో బతికి బయటపడ్డ పిల్లల్లో, ఆ తర్వాత నాలుగు వారాల వరకు రక్తం ఎట్లా ఉంటుందన్నది ఆమె థీసిస్.

దోర్నాలలో ఉన్న రోజుల్లో మలేరియా మాకు కొత్త కాదు. వానలు వెనకబట్టాక నల్లమల అంచు గూడేల నుంచి వచ్చే చెంచు పిల్లలు బెంచీ మీదే వణుకుతూ ముడుచుకుపోయేవాళ్లు. నాకూ వచ్చింది. క్వినైన్ బిళ్లలు మింగి, రోజుల తరబడి చెవుల్లో గుయ్యిమనే హోరుతో క్లాసులు చెప్పాను. కొంతమంది పిల్లలకు జ్వరం మెదడుకెక్కేది. ఫిట్స్ వచ్చి, పిలిస్తే పలక్కుండా పడిపోయేవాళ్లు. జీపు దొరికితే మార్కాపురం, లేకపోతే లేదు. అందుకే ఆ కట్టను మామూలుగా చదివి వదిలెయ్యలేకపోయాను. సెక్రటరీకి ఫోన్ చేసి, ఇందులో ఒక్క ముక్క అర్థం కావడంలేదు, ముందు జరిగిన పరిశోధనలేంటో నాకు తెలుగులో చెప్పమన్నాను. పాపం, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా మా ఇంట్లో కూర్చుని చెప్పాడు. అప్పుడు విన్న సంగతులు ఇప్పటికీ మనసులో మెదులుతుంటాయి.

తీవ్ర మలేరియాకి చాలాకాలం క్వినైనే దిక్కు. ఎనిమిది గంటలకోసారి, ఒక్కోసారి నాలుగు గంటలపాటు నెమ్మదిగా సెలైన్‌లో ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు పిల్లల ఒంట్లో గ్లూకోజ్ పడిపోతుంది. స్పృహలేని పిల్లలో గ్లూకోజ్ తగ్గిన సంగతి పైకి తెలియదు. చైనాలో థూ యూయూ బృందం 1970ల మొదట్లో ఒక మొక్క నుంచి ఆర్టిమిసినిన్ తీసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. ఆ మొక్క మన వినాయక చవితి పత్రిలో మొదట చెప్పే మాచిపత్రికి దగ్గరి బంధువట. (ఇది చదివి ఎవరూ మాచిపత్రి కషాయం కాయొద్దు. అది వేరు, ఇది వేరు. మందు ఉన్నది ఆ చైనా రకంలో.) దాని నుంచి తయారైనదే ఆర్టిసునేట్. నరానికి కొన్ని నిమిషాల్లో ఇచ్చెయ్యొచ్చు.

మరి కొత్త మందు మంచిదని ఎట్లా తెలిసింది? బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేషియాతో పాటు మన దేశంలో కూడా 1,461 మంది మీద రెండు మందులనూ పోల్చి చూశారు. ఎవరికి ఏ మందన్నది చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు, డాక్టరు ఇష్టం కాదు. క్వినైన్ వాళ్లలో నూటికి 22 మంది చనిపోతే, ఆర్టిసునేట్ వాళ్లలో 15 మంది. ఇది 2005లో అచ్చయింది. అయితే అందులో ఎక్కువమంది పెద్దవాళ్లు. "పిల్లల సంగతి తెలియదు కదా, ఆఫ్రికా సంగతి తెలియదు కదా" అన్నారు. అప్పుడు తొమ్మిది ఆఫ్రికా దేశాల్లో 5,425 మంది పిల్లలతో ఇంకో ట్రయల్ పెట్టారు. 2010లో ఫలితం వచ్చింది. క్వినైన్‌తో నూటికి 10.9, ఆర్టిసునేట్‌తో 8.5. తేడా చూడ్డానికి చిన్నదే. "రెండున్నర శాతం కోసం ఐదువేల మంది పిల్లలా?" అన్నాను. "వంద మందిలో ఆ తేడా కంటికి ఆనదు మేడమ్. ఏ డాక్టరూ తన వార్డులో చూసి చెప్పలేడు. ఆ క్వినైన్ లెక్కలో పోయిన పిల్లలు 297, ఇటువైపు 230" అన్నాడు. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర మలేరియా పిల్లలకు ఆర్టిసునేట్ వాడమని చెప్పింది. మన జాతీయ కార్యక్రమంలో కూడా ఇప్పుడు అదే. మలేరియా ఫాల్సిపారం రకమైనా వైవాక్స్ రకమైనా, జబ్బు తీవ్రమైతే ముందు ఆ ఇంజెక్షనే.

ఇంతవరకూ మందు గెలిచిన కథ. నాకు నిద్ర పట్టనివ్వనిది తర్వాత చెప్పింది.

మెదడుకెక్కిన మలేరియాలో ఫిట్స్ వస్తాయి. కాబట్టి ముందే ఫిట్స్ రాకుండా ఫినోబార్బిటోన్ ఇస్తే మంచిదని ఎవరికైనా తోస్తుంది. కెన్యాలోని కిలిఫీలో 340 మంది పిల్లల మీద పరీక్షించారు. ఫిట్స్ నిజంగానే సగానికి పైగా తగ్గాయి. కానీ మందు ఇచ్చిన 170 మందిలో 30 మంది పోయారు, ఇవ్వని 170 మందిలో 14 మంది. 2000లో అచ్చయింది ఇది. అంతకుముందు, మెదడు వాపు తగ్గుతుందని స్టెరాయిడ్ ఇచ్చేవారు. 1982లో థాయిలాండ్ నుంచి వచ్చిన పరిశోధనలో తేలిందేమిటంటే, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లు స్పృహలోకి రావడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది. మెదడు వాపుకే ఇచ్చే మ్యానిటాల్ అనే మందు కథా అంతే. మన రూర్కెలాలో పెద్దవాళ్ల మీద చూశారు, లాభం కనపడలేదు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది సెలైన్ సంగతి. చేతులు చల్లబడి, నీరసించిపోయిన పిల్లకి గబగబా సెలైన్ ఎక్కించడం కంటే సహజమైన వైద్యం ఏముంది? మన ఊళ్లల్లో అయితే సెలైన్ పెట్టకపోతే వైద్యమే చెయ్యలేదంటారు. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో కాథరిన్ మైట్‌లాండ్ అనే డాక్టరు ఆధ్వర్యంలో 3,141 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించారు. వాళ్లలో సగానికి పైగా మలేరియా పిల్లలే. ఒక్కసారిగా సెలైన్ ఎక్కించిన వాళ్లలో రెండు రోజుల్లోపు చనిపోయినవాళ్లు నూటికి పదిన్నర. అట్లా ఎక్కించకుండా మామూలు సంరక్షణ ఇచ్చిన వాళ్లలో 7.3. ఫలితాలు మధ్య మధ్యలో చూసే కమిటీ 2011 జనవరిలో ట్రయల్‌లో ఇంక పిల్లల్ని చేర్చొద్దంది. వాళ్లు అనుకున్నది 3,600 మందిని చేర్చాలని.

అంటే ఆ డాక్టర్లందరూ పిల్లలకు మంచి చేస్తున్నామనే అనుకున్నారు. పరీక్షించి చూడకపోతే ఇంకా అదే చేస్తుండేవాళ్లు. పరిశోధన అంటే పిల్లల మీద ప్రయోగం అని మనం భయపడతాం. నేనూ భయపడ్డదాన్నే. పరీక్షించకుండా ఏళ్ల తరబడి చేసిన వైద్యం కూడా లెక్క రాసుకోని ప్రయోగమేనని ఆ మధ్యాహ్నం తర్వాత నాకు అనిపిస్తోంది. అట్లాగని పరిశోధన పేరుతో ఏం చేసినా సరే అని కాదు. అందుకే కదా ఆ గదిలో నాకో కుర్చీ వేశారు.

ఇక మా పీజీ అమ్మాయి విషయానికి వస్తే, ఆమెది కొత్త మందు కాదు. ఆర్టిసునేట్ రక్తకణంలోని పరాన్నజీవిని చంపుతుంది. ప్లీహం ఆ చచ్చిన పురుగును కణంలోంచి పిండి తీసేసి, కణాన్ని మళ్లీ రక్తంలోకి వదులుతుంది. అట్లా బయటపడ్డ కణాలు ఎక్కువకాలం ఉండవు. ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య అవన్నీ ఒక్కుమ్మడిగా పగిలిపోతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ముందు యూరప్‌లో, మలేరియా ఉన్న దేశాలకు వెళ్లొచ్చిన ప్రయాణికుల్లో గమనించారు, తర్వాత ఆఫ్రికా పిల్లల్లో కూడా. జ్వరం తగ్గి, పిల్ల ఇంటికెళ్లి, ఆడుకుంటూ ఉన్నప్పుడు జరిగేది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అందుకని డిశ్చార్జి అయ్యాక ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజుల్లో వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలని ఆమె ప్రతిపాదన.

మీటింగు శనివారం మధ్యాహ్నం. ఏసీ గది, టీ, మిక్చరు. ఆమె ఇంగ్లీషులో స్లైడ్లు చూపించింది. బయటి నుంచి వచ్చిన పిల్లల డాక్టరు మొదటి ప్రశ్న వేశారు. "ఇప్పుడు మన వార్డుల్లో డెంగీ ఉన్నంత మలేరియా ఎక్కడుందమ్మా? నీకు కేసులు దొరుకుతాయా?" పడమటి మండలాల నుంచి వస్తాయని, పనికి వలసపోయి తిరిగొచ్చే కుటుంబాల్లో కూడా ఉంటాయని ఆమె జవాబు. ఆయన తృప్తిపడలేదు గానీ వదిలేశారు. లాయరుగారు నష్టపరిహారం పేరా గురించి అడిగారు, రెండు వాక్యాలు మార్చమన్నారు.

నా వంతు వచ్చింది. నాకున్నది ఒకటే సందేహం. కాగితం ప్రకారం, పిల్లని క్యాజువాలిటీలో చేర్చుకున్న గంటలోపే తల్లిదగ్గర సంతకం తీసుకుంటారు. "బిడ్డకి ఫిట్స్ వస్తుంటే ఆ తల్లి ఏం వింటుందమ్మా? ఏ కాగితం పెట్టినా వేలిముద్ర వేసేస్తుంది" అన్నాను.

ఆమె గైడు అందుకున్నారు. అత్యవసరంలో ఇది తప్పదని, ఆఫ్రికా సెలైన్ ట్రయల్‌లో కూడా ముందు నోటిమాటగా ఒప్పుకోలు తీసుకుని, పిల్ల కుదుటపడ్డాక వివరంగా చెప్పి సంతకం తీసుకున్నారని చెప్పారు. నిజమే, మా సెక్రటరీ నాకు అదీ చెప్పాడు. కానీ అక్కడ పరీక్షిస్తున్నదే మొదటి గంటలో చేసే వైద్యాన్ని. ఇక్కడ మొదటి గంటలో అదనంగా చేసేదేమీ లేదు. "మీకు కావలసింది తర్వాత వారాల్లో రక్తమే కదా. మరి పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ తినేటప్పుడు అడగొచ్చు కదా?" అన్నాను. చేరిన రోజు రక్తం వివరాలు కూడా కావాలన్నారు. అవి మామూలుగా చేసే పరీక్షల్లోనే ఉంటాయి, కేస్ షీటులోంచి తీసుకోవచ్చని బయటి డాక్టరుగారే అన్నారు. సంతకం డిశ్చార్జికి ముందురోజుకు మారింది.

ఆ తర్వాత ఇంకా అడిగాను. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే పక్కన పరిశోధనతో సంబంధంలేని సాక్షి ఉండాలి. ఆ సాక్షి వార్డు నర్సయితే, ఆమెకు ఈ పీజీ డాక్టరే మేడమ్ కదా, "వద్దులేమ్మా" అని ఎట్లా అనగలదు? ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలని నియమం ఉంది, వాళ్లకిచ్చే కాగితం ఏది? మూడుసార్లు తీసే రక్తం ఎంత? మిల్లీలీటర్లలో రాస్తే ఎవరికీ తెలియదు, చెంచా లెక్కలో రాయండి. తెలుగు సమాచార పత్రం నాలుగు పేజీలుంది. దాన్ని మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి చదివి వినిపించి, ఏం అర్థమైందో చెప్పమంటే, "రక్తం అమ్ముకుంటారంట గదా" అంది. ఈ మాట చెబితే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఊళ్లల్లో ఆ అనుమానం నిజంగానే ఉంది. రక్తం ఎందుకు తీస్తున్నారు, తీసింది ఏమవుతుంది అన్నది మొదటి పేజీలోనే ఉండాలని రాయించాను.

చివరిది బస్సు. యర్రగొండపాలెం నుంచి నెల్లూరు రావాలంటే తెల్లవారుజామున బయలుదేరాలి. మార్కాపురంలో, ఒంగోలులో బస్సు మారాలి. ఇద్దరికి చార్జీలు, ఒకరోజు కూలి పోవడం. థీసిస్‌కి డబ్బులిచ్చేదెవరు? పీజీలకు గ్రాంట్లుండవు. చార్జీలివ్వొచ్చుగానీ ఆశపెట్టేటంత ఇవ్వకూడదని నియమం. ఆశపెట్టేటంత ఇవ్వడానికి ఆ అమ్మాయి దగ్గర ఏముందిలే! దూరం వాళ్లకు మార్కాపురం ప్రభుత్వాసుపత్రిలోనో, దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనో హిమోగ్లోబిన్ చేయించి, ఆ కాగితం ఫోటో ఫోన్‌లో పంపితే చాలని తేల్చారు. ఒకే మిషను మీద చెయ్యకపోతే లెక్కలు సరిగా కుదరవని గైడుకి అసంతృప్తి. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. లెక్క పక్కాగా కావాలంటే తల్లి నెల్లూరు రావాలి. తల్లి రాకపోతే అసలు లెక్కే ఉండదు. మార్పులతో మళ్లీ పెట్టమన్నారు, తర్వాతి మీటింగులో ఓకే అయింది.

అనుమతి ఇచ్చాక కూడా మా పని ఉంటుంది. ఒప్పుకోలు ఎట్లా తీసుకుంటున్నారో చూడ్డానికి లాయరుగారూ నేనూ ఒకసారి వార్డుకి వెళ్లాం. ప్రకాశం జిల్లా పడమటి నుంచి వచ్చిన ఒక తల్లి, పక్కన అవ్వ. పిల్లవాడు మంచం మీద బిస్కెట్ తింటున్నాడు. పీజీ అమ్మాయి స్టూలు వేసుకుని కూర్చుని కాగితం చదవకుండా మాట్లాడుతూ చెప్పింది, అది నాకు నచ్చింది. తల్లి చాలాసేపు విని, "సంతకం బెట్టకపోతే రేపు పంపీరా?" అని అడిగింది.

"పంపిస్తామమ్మా. మందు బిళ్లలు కూడా ఇచ్చే పంపిస్తాం. దీనికీ దానికీ సంబంధం లేదు."

"రక్తం తక్కువైతే మాకెట్టా తెలిసిద్ది?"

పిల్లవాడు పాలిపోయినా, మూత్రం నల్లగా, ఎర్రగా వచ్చినా, ఆయాసపడినా వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లి ఈ డిశ్చార్జి కాగితం చూపించమంది. అది థీసిస్‌లో చేరినా చేరకపోయినా అందరికీ చెప్పాల్సిన మాటేనని, డిశ్చార్జి కాగితం మీద కూడా తెలుగులో రాయిస్తున్నామని నాతో అంది. ఈ ఒక్కటీ మేము చెప్పి చేయించింది కాదు. తనకే తోచింది.

తల్లి భర్తకు ఫోన్ చేసింది. ఆయన ఎక్కడో రొయ్యల చెరువుల దగ్గర పనిలో ఉన్నాడు. స్పీకర్లో ఆయన గొంతు మా అందరికీ వినపడింది. "ఒకతూరి తీశారు గదా, మళ్లీ మళ్లీ ఏంది? వద్దని చెప్పు." ఆమె ఫోన్ పెట్టేసి, కాస్త భయంగా, "ఆయన వొద్దంటన్నాడు మేడమ్" అంది.

"సరేనమ్మా, ఏం ఫర్వాలేదు" అని పీజీ అమ్మాయి కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. ముఖంలో నిరాశ కనపడింది. కేసులు దొరకడమే కష్టంగా ఉంటే వచ్చింది కూడా పోయింది మరి. లాయరుగారు తన ఫారంలో 'తిరస్కరించారు, వైద్యంలో మార్పు లేదు' అని రాసుకున్నారు. నాకు మాత్రం ఆ సందర్శనలో అన్నిటికంటే ధైర్యం కలిగించింది ఆ తిరస్కారమే. వద్దనే తల్లి ఉందంటే, ఒప్పుకున్న తల్లుల సంతకాలకు కొంత విలువ ఉన్నట్టే కదా.

ఏడాది నివేదికలో ఆమె అనుకున్నదాంట్లో చాలా తక్కువమందే చేరారు. ఏడో రోజుకి చాలామంది వచ్చారు, ఇరవై ఎనిమిదో రోజుకి పలచబడ్డారు. ఫోన్‌లో పంపిన కాగితాల్లో సగం సరిగా కనపడటం లేదని గైడుగారు మళ్లీ గుర్తుచేశారు. గడువు పొడిగించమని, ఇరవై ఎనిమిదో రోజు పరీక్షను ఇంటిదగ్గరే ఏఎన్ఎం ద్వారా చేయించడానికి అనుమతి ఇప్పించమని ఆమె కొత్త దరఖాస్తు పెట్టింది. ఏఎన్ఎం ఇంటికి వెళితే ఊరందరికీ ఆ పిల్ల జబ్బు తెలుస్తుందా, తెలిస్తే ఇబ్బందా అన్నది తేలలేదు. వచ్చే మీటింగుకి వాయిదా వేశారు. ఆ కట్ట ఇప్పుడు నా టేబుల్ మీదుంది, ఈసారి ఎనిమిది పేజీలే.